గాలివాటం కరెంటు

మా అపార్టుమెంటు సెల్లారులో మెయిన్ కేబుల్ మాడి ఇవాళ్టికి పదకొండు రోజులు. మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. లిఫ్టు ఆగింది, బోరు మోటారు ఆగింది. నేనుండేది నాలుగో అంతస్తు. నా మోకాళ్ళ వయసు అరవై రెండు. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్యానెల్ బోర్డు తలుపు తీశాడు, ముక్కు మూసుకున్నాడు, "కేబుల్ మార్చాలండి, ఫ్లాటుకి నాలుగువేల రెండొందలు పడతాది" అన్నాడు. ఇరవై నాలుగు ఫ్లాట్లు. ఊఁ అంటే మర్నాటికి లిఫ్టు కదిలేది. సరిగ్గా ఆ రాత్రే, తీగ లేకుండా గాల్లోంచే కరెంటు పంపుతారనే ఆ వీడియో దిగింది.

మీ ఫోనుకీ దిగే ఉంటుంది కాబట్టి మళ్ళీ వర్ణించను. ఆ తెల్లకోటాయన, ఆ మీట, గది అవతల వెలిగే ఆ బల్బు, వెనకనుంచి ఆ సంగీతం, అన్నీ మీకు తెలిసినవే. మా అపార్టుమెంటు ప్రెసిడెంటు గారు దాన్ని వాట్సాప్ గ్రూపులో వేసి కింద ఒక ముక్క రాశారు. "త్వరలో తీగలే ఉండవంటున్నారు. ఇలాంటి టైములో లక్ష రూపాయలు పోసి కేబుల్ కొనడం అవసరమా? పెద్దలు ఆలోచించాలి." పెద్దలు ఆలోచించారు. పదిహేడు బొటనవేళ్ళు లేచాయి. రెండో అంతస్తాయన విశాఖ స్టీలు ప్లాంటు వైర్ రాడ్ మిల్లులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు, ఆయనా ఎత్తారు. వైర్ రాడ్ మిల్లండీ! తీగ తీసే చువ్వల మీద పిల్లల్ని చదివించి, పెళ్ళిళ్ళు చేసి, ఫ్లాటు కొనుక్కుని, ఇప్పుడు తీగకే తిలోదకాలు.

కాబట్టి ఇది శాస్త్రవేత్తల మీద వ్యాసం కాదు, ఆ పదిహేడు బొటనవేళ్ళ మీద. మధ్యలో శాస్త్రవేత్తలకూ ఒకటీ అరా తగిలితే ఏమనుకోవద్దు.

"మీకు తెలీదంకుల్, అమెరికాలో ఆల్రెడీ చేసేశారు" అన్నాడు మూడో అంతస్తు సాఫ్టువేర్ కుర్రాడు, మెట్ల మీద నేను ఆయాసం తీర్చుకుంటుంటే. తెలుసు నాయనా. తెలుసు గనకే ఆయాసం. 2025లో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ డార్పా న్యూమెక్సికోలో లేజరు కిరణంతో 8.6 కిలోమీటర్ల దూరానికి కరెంటు పంపింది. అవతల 800 వాట్లకు పైగా చేతికొచ్చింది. ముప్పై సెకన్ల పాటు. అది రికార్డు. అబద్ధం కాదు, గారడీ కాదు. చేసినవాళ్ళు చెయ్యి తిరిగిన ఇంజినీర్లు, వాళ్ళకు నా నమస్కారం.

నమస్కారం అయింది, ఇక లెక్క. మా ఇంట్లో ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లు. అగ్రరాజ్యపు రక్షణశాఖ కొండంత సరంజామాతో పంపిన కరెంటు మా ఇస్త్రీపెట్టెకు చాలదు. పోనీ చాలిందే అనుకోండి, చొక్కా కాలరు దగ్గరికి వచ్చేసరికి ఆరిపోతుంది. 800 వాట్లు అర నిమిషం పాటంటే ఒక యూనిట్‌లో నూటయాభయ్యో వంతు. ఆ ప్రపంచ రికార్డును వరసగా నూటయాభై సార్లు కొడితే మన బిల్లులో ఒక్క యూనిట్ పడుతుంది. గాజువాకలో గది అద్దెకు తీసుకున్న కుర్రాడు రాత్రంతా ఫ్యాను వేసుకుని పడుకుంటే దాదాపు అంత అవుతుంది, అదీ రికార్డు లేకుండానే.

ఆ పరీక్షల్లో అందిన కరెంటులో కొంత పెట్టి వాళ్ళు ఏం చేశారో తెలుసునా? మొక్కజొన్న పేలాలు వేయించుకున్నారు. వెక్కిరింత కాదు, వాళ్ళే ముచ్చటపడి ప్రకటించారు. చదివిన దగ్గర్నుంచి నాకు ఆర్కే బీచ్‌లో పొత్తులు కాల్చే అవ్వే కళ్ళముందు మెదులుతోంది.

సాయంత్రం కాళీమాత గుడి ఎదురుగా కుంపటి పెట్టుకుని కూర్చుంటుంది. గుప్పెడు బొగ్గులు, ఒక విసనకర్ర, సగం నిమ్మచెక్క, ఉప్పూకారం. పొత్తు కాల్చి, నిమ్మచెక్కతో రుద్ది చేతికిస్తుంది. ఇప్పుడు ఈ అవ్వను మనం ఆధునికం చెయ్యాలి. 8.6 కిలోమీటర్లంటే ఆమె కుంపటి దగ్గర్నుంచి దరిదాపు రుషికొండ దాకా. రుషికొండ మీద కోట్లు గుమ్మరించి కట్టిన భవనాలు దేనికి వాడాలో ఎవరికీ తోచక ఖాళీగానే ఉన్నాయి గనక లేజరు అక్కడే పెట్టేద్దాం, అద్దె కలిసొస్తుంది. మరి లేజరుకి కరెంటు? రుషికొండ సబ్‌స్టేషన్ నుంచి, తీగ మీద. సరే, ఆ తీగను చూడనట్టు నటిద్దాం.

మీట నొక్కాం. కిరణం సముద్రం మీదుగా బయల్దేరింది. మొదట ఒక కొంగ అడ్డం వస్తుంది. తరవాత పారాసెయిలింగ్ వాళ్ళు. ఆ తరవాత తూర్పు నౌకాదళం. నేవీ వాళ్ళు తమ విమానాల దారి అని చెప్పి నాలుగు అంతస్తుల మేడకే ఎన్వోసీ ఇవ్వడానికి ఏడాది తిప్పుతారు. కళ్ళు పోగొట్టగల కిరణాన్ని బీచ్ పొడుగునా వేస్తానంటే అర్జీ పెట్టినవాణ్ణి ముందు లోపల వేసి తరవాత ప్రశ్నలడుగుతారు. అన్నీ దాటుకుని కిరణం అవ్వ దగ్గరికి చేరిందనుకోండి. డార్పా వాళ్ళు దగ్గర దూరాల్లో కొలిచి చెప్పుకున్న లెక్కే, లేజరు నుంచి బయల్దేరిన వెలుగులో కరెంటుగా మారి చేతికొచ్చింది ఇరవై శాతం పైచిలుకు. మిగతాది దారిలో కొంత, రిసీవరు దగ్గర కొంత వేడిగా మారిపోతుంది. అవ్వకు లోకజ్ఞానం ఎక్కువ. ఆ రిసీవరు కరెంటు సంగతి పక్కన పడేసి, అది కాలుతున్న వేడి మీదే పొత్తు పెట్టి కాల్చేస్తుంది. ఆ పొత్తు ధర ఎంతుంటుందో నేను లెక్కవేయలేదు. అవ్వ కూడా వెయ్యదు. బేరమాడే టైములో ముప్పై సెకన్లు అయిపోతాయి.

కొత్త విద్య కదా, ముందుముందు బాగుపడుతుందిలే అంటారు. కొత్తదని ఎవరన్నారు? 1975లోనే కాలిఫోర్నియాలో గోల్డ్‌స్టోన్ దగ్గర విలియం బ్రౌన్ ప్రభృతులు 26 మీటర్ల డిష్షు పెట్టి మైక్రోవేవ్ కిరణంతో మైలు దూరానికి 30 కిలోవాట్లకు పైగా అందుకున్నారు. మన వ్యవసాయ లెక్కలో ఐదు హార్స్‌పవర్ మోటార్లు ఎనిమిది. ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది నాటి ముచ్చట అది. యాభై ఏళ్ళ తరవాత దూరం పెరిగింది, కరెంటు తగ్గింది, పేలాలు వచ్చాయి.

దీనికి కారణం ఎవరి చేతకానితనమూ కాదు. టార్చిలైటు గోడకు ఆనించి వేస్తే రూపాయి బిళ్ళంత వెలుగు, నాలుగడుగులు వెనక్కి జరిగితే పళ్ళెమంత, వీధి చివరికి వేస్తే పడిందో లేదో తెలీదు. కిరణానికి విచ్చుకోవడం పుట్టుబుద్ధి. విచ్చుకోకుండా పట్టి ఉంచాలంటే పంపేవైపూ అందుకునేవైపూ మైదానాలంత డిష్షులు పెట్టాలి. లేదా తరంగం పొడవు తగ్గించి లేజరు దాకా రావాలి. లేజరైతే మంచుకీ వానకీ దుమ్ముకీ దణ్ణం పెడుతుంది. అటు నుయ్యి, ఇటు గొయ్యి. ఈ నుయ్యీ గొయ్యీ వీడియోలో ఉండవు, వాటికి సంగీతం నప్పదు.

"రేడియో రావట్లేదా మరి గాల్లోంచి?" అన్నారు ప్రెసిడెంటు గారు, గెలిచినట్టు చూస్తూ. వస్తోందండీ. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం వంద కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌తో గాల్లోకి చిమ్మేది. శ్రీకాకుళంలో ఉన్న మీ నాన్నగారి ట్రాన్సిస్టర్‌కు అందులో అందింది నలుసులో నలుసు. ఆ నలుసు కబురుకి చాలుతుంది, కరెంటుకి చాలదు. అందుకే కదా మీ నాన్నగారు ట్రాన్సిస్టర్ వెనక మూత తీసి రెండు సెల్లులు వేసేవారు! గాల్లోంచే కరెంటు వచ్చేట్టయితే సెల్లులెందుకు, అవి నీరసించినప్పుడు ఎండలో పెట్టడమెందుకు? ఉత్తరం ముక్క గాలికి ఎగిరొచ్చిందని, బియ్యం బస్తా కూడా అలాగే వస్తుందని వాకిట్లో కూర్చుంటామా?

టెస్లా గురించి ఒక్క పేరా, అంతకుమించి ఓపిక లేదు. ఆయన మహానుభావుడు, మన ఇంటికొచ్చే ఏసీ కరెంటు ఆయన చలవే. 1901లో న్యూయార్క్ దగ్గర వార్డెన్‌క్లిఫ్‌లో గాల్లో కరెంటు పంపే బురుజు మొదలుపెట్టాడు, బ్యాంకరు మోర్గన్ లక్షన్నర డాలర్లిచ్చాడు, డబ్బు చాలలేదు, మోర్గన్ మళ్ళీ ఇవ్వలేదు, 1917లో దాన్ని పడగొట్టి తుక్కు కింద అమ్మారు. "ఉచిత కరెంటు వస్తుందని కంపెనీలు కుట్ర చేసి తొక్కేశాయి" అని తెలుగు యూట్యూబులో గొంతు తగ్గించి చెప్పేవాళ్ళు డజన్లకొద్దీ ఉన్నారు. ఉచిత కరెంటు తీగ మీదే వస్తుంది నాయనలారా, మేనిఫెస్టోలో రాస్తే చాలు. దానికి బురుజెందుకు?

ఇక ఆకాశం నుంచి కరెంటు. అంతరిక్షంలో సోలార్ పలకలు పరిచి మైక్రోవేవ్ కిరణంగా కిందికి పంపే ఆలోచన పీటర్ గ్లేజర్ 1968లో చెప్పాడు. ఆ తరవాత నాసా వాళ్ళు కూర్చుని లెక్కగట్టారు. 36 వేల కిలోమీటర్ల పైనుంచి ఐదువేల మెగావాట్లు దింపాలంటే పైన కిలోమీటరు వెడల్పున యాంటెన్నా కావాలి, కింద అందుకోవడానికి పది కిలోమీటర్లకు పదమూడు కిలోమీటర్ల కోడిగుడ్డు ఆకారపు నేల కావాలి. ఎకరాల్లోకి మార్చి చూశాను. దాదాపు పాతికవేల ఎకరాలు.

పాతికవేల ఎకరాలు! ఈ అంకె విశాఖలో ఎక్కడో విన్నట్టుంది కదూ? స్టీలు ప్లాంటుకు సేకరించిన భూమి కూడా అటూ ఇటూగా అంతే. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో అరిచి, ముప్పై రెండు మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంటు. ఊళ్ళకు ఊళ్ళు లేచిపోయాయి. ఇంటికో ఉద్యోగం అన్నారు, నిర్వాసితులకు ఆర్ కార్డులిచ్చారు. ఆ కార్డులు పట్టుకుని తిరిగినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు, వాళ్ళ కొడుకులు పట్టుకు తిరిగారు, ఇప్పుడు మనవలు లామినేషన్ చేయించి పెట్టుకున్నారు. ఇప్పుడు ఇంకో పాతికవేల ఎకరాలు అడగడానికి ఎవరు వెళతారో వెళ్ళమనండి. "అమ్మా, నీ జీడితోట మీద ఆకాశం నుంచి కరెంటు దిగుతుంది, ఇంటికో కిరణం ఇస్తాం, ఇదిగో కార్డు" అనాలి. తీరా ఆ కిరణం మధ్యలో ఎంత చిక్కన? చదరపు మీటరుకు 230 వాట్లు. మిట్టమధ్యాహ్నపు ఎండ వెయ్యి. ఎండలో నాలుగో వంతు కన్నా పలచన! అదే పాతికవేల ఎకరాల్లో మామూలు సోలార్ పలకలు పరిస్తే, మెగావాటుకు ఐదెకరాల లెక్కన, ఐదువేల మెగావాట్లే పడతాయి. రాత్రిళ్ళు రాదు, ఒప్పుకుంటాను. రాత్రి రావడం కోసం అంతరిక్షానికి నిచ్చెన వెయ్యమంటారా, బ్యాటరీలు కొనమంటారా?

అసలు మా ఊరికి గాలి ద్వారా సరఫరా కొత్తా? పోర్టు నుంచి బొగ్గు పొడి వన్‌టౌన్‌కీ జ్ఞానాపురానికీ ఏ తీగా లేకుండానే డోర్ డెలివరీ అవుతోంది. పొద్దున్న అరుగు కడిగితే మధ్యాహ్నానికి నల్లపొర, ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగు. బొగ్గంటే ఏమిటి, కరెంటుకి ముడిసరుకే కదా. ఆ లెక్కన మేము ఎన్నో ఏళ్ళుగా వైర్‌లెస్ కరెంటు పీలుస్తున్నవాళ్ళం. ఆ బొగ్గు పొడీ సముద్రపు ఉప్పూ కలిసి ఇన్సులేటర్ల మీద పేరుకుంటే, మంచు కురిసే తెల్లవారుజామున చిటపటమని లైను ట్రిప్పవుతుంది. పింగాణీకే ఊపిరాడని గాల్లోంచి లేజరు దూరుతుందట! మబ్బు పట్టి కిరణం అందలేదని గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ, ఆ మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు వెళ్ళి చెప్పండి, ఆగుతాయేమో.

2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి గాల్లోకి వచ్చిన విషవాయువు కూడా తీగలేమీ లేకుండానే వచ్చింది. వెంకటాపురంలో నిద్రలో ఉన్నవాళ్ళ మీదికి. పన్నెండు మంది పోయారు. ఈ ఊళ్ళో "గాలి ద్వారా పంపిస్తాం, ఏమీ కాదు, పూర్తిగా సురక్షితం" అనే మాట నవ్వుతూ అనేవాణ్ణి నేను నవ్వుతూ వినలేను. ఇక్కడిదాకా హాస్యంగా రాద్దామనే కూర్చున్నాను.

హుద్‌హుద్ తుపాను గుర్తుందా ఎవరికైనా? 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల గాలి. మర్నాడు తలుపు తీసి చూస్తే ఊళ్ళో చెట్టూ లేదు, స్తంభమూ లేదు. టవర్లు మోకాళ్ళ దగ్గర విరిగి కూర్చున్నాయి. అప్పుడు మన ఫోన్లన్నీ వైర్‌లెస్సే కదా, ఎందుకు పనిచెయ్యలేదు? సెల్ టవరుకి కరెంటు తీగ మీద రావాలి గనక. పాలప్యాకెట్టు దొరకలేదు, నీళ్ళ ట్యాంకరు దగ్గర కొట్టుకున్నాం, కొవ్వొత్తి బంగారమైంది. అప్పుడు ఊరిని నిలబెట్టింది ఏ కిరణమూ కాదు. పక్క జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చిన లైన్‌మన్లు. కల్యాణమండపాల్లో పడుకుని, పెట్టింది తిని, స్తంభం పాతి, తీగ లాగి, జంపరు కట్టి, తరవాతి వీధికి పోయారు. వాళ్ళలో ఒక్కడి పేరైనా మన పదిహేడు మందిలో ఎవరికైనా తెలుసా? పేరెందుకు, కరెంటు రాగానే టీవీ పెట్టుకున్నాం.

ఆ తుపాను దెబ్బతో కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ వాళ్ళు ప్రపంచబ్యాంకు అప్పుతో ఊళ్ళో కొంతమేర తీగల్ని భూమిలోకి దింపారు. రోడ్లు తవ్వారు, పూడ్చీ పూడ్చకుండా వదిలారు, నేనూ ఆ గోతుల్లో ఒకసారి స్కూటరుతో సహా దిగాను, బూతులు తిట్టాను. కానీ అది పని. గాలికి తీగలు తెగితే జవాబు గాల్లో లేదు, మట్టి కింద ఉంది. గొయ్యి తవ్వి కేబుల్ వెయ్యడం. ఎవరూ వీడియో తియ్యరు, మంత్రిగారు రిబ్బను కత్తిరించడానికి అక్కడ పైకి కనిపించేదేమీ ఉండదు.

అంతకంటే పాత కథ ఇంకొకటుంది, అది చెప్పకుండా వదలను. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మొదలైంది. కొండల్లో పుట్టిన కరెంటు ఘాట్లు దిగి విశాఖ వచ్చింది. తీగలు గిరిజన గూడేల తలల మీంచే వచ్చాయి. తలల మీంచే, ఇళ్ళలోకి కాదు. అనంతగిరి మండలంలో గూడెం అనే ఊరుంది. పదిహేడు ఇళ్ళు. (పదిహేడు అన్న అంకె ఈ వ్యాసంలో మళ్ళీ రావడం నా తప్పు కాదు.) ఆ ఊళ్ళో మొదటి బల్బు వెలిగింది 2025 నవంబరులో. దానికి రెండువందలకు పైగా స్తంభాలు కావలసివచ్చాయి, దరిదాపు పది కిలోమీటర్ల లైను, అడవిలోంచి, కొండ మీదికి. పదిహేడిళ్ళకు రెండువందల స్తంభాలా, దండగ కాదా అని సెల్లారులో నిలబడి ఒకాయన అన్నాడు కూడా. డెబ్భై ఏళ్ళు ఆ ఊరివాళ్ళకు మనం ఇచ్చింది అసలు సిసలు వైర్‌లెస్ కరెంటు. వైరూ లేదు, కరెంటూ లేదు.

ఈ వైర్‌లెస్ మోజంతా తీగ ఉన్నవాడిదే. స్విచ్చు వేస్తే వెలగడం గాలీ వెలుతురూ అంత సహజమనిపించేవాడికే తీగ అసహ్యంగా కనిపిస్తుంది. వర్షంలో స్తంభమెక్కి, కింద ఎవడో లైన్ క్లియర్ ఇచ్చానని చెప్పి ఇవ్వకపోతే పైనే మాడిపోయే మనిషి గురించి జిల్లా పేజీలో నాలుగు లైన్లొస్తాయి. అతనికి మంచి గ్లవ్సు, నిచ్చెన, మనుషుల్ని పైకెత్తే బకెట్టు బండి ఇవ్వడానికి డబ్బుల్లేవంటారు. ఆకాశంలో కిరణాల గురించి సదస్సు పెట్టడానికి మాత్రం బీచ్ రోడ్డులో ఏసీ హాలు ఎప్పుడూ దొరుకుతుంది. సిగ్గుండాలి.

మొన్న మా వీధి స్తంభం మీద ఫ్యూజు వెయ్యడానికి వచ్చిన లైన్‌మన్‌కి ఫోనులో ఆ వీడియో చూపించాను. దించిన తల ఎత్తకుండా మొత్తం చూశాడు. "మంచిదే బాబూ. గాల్లోనే వచ్చీసిందంటే ఇంక ఎక్కక్కర్లేదు కదా. మా ఇంటిది సింహాద్రప్పన్నకి మొక్కు తీర్చీసుకుంటాది" అన్నాడు. కాసేపాగి, "మరి పెతి ఇంటికీ అందీసీ డబ్బా ఒకటి గోడకెక్కించాలి కదా. అది మళ్ళీ మేమే ఎక్కాలా?" అని అడిగాడు. తెల్లకోటాయన కన్నా ఇతనే ఎక్కువ ఆలోచించాడు.

తీగలేని వాగ్దానం మనకు కొత్తది కూడా కాదు. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కోసం గూగుల్ ఎక్స్ వాళ్ళు కేబుల్ అక్కర్లేకుండా కాంతి కిరణాలతో ఇంటర్నెట్ ఇచ్చే లింకులు రెండువేలు పెడతామని ప్రకటించారు. ఎంత హడావిడి! మా వీధిలో మాత్రం ఇవాళ్టికీ స్తంభం నుంచి స్తంభానికి నల్లకేబుళ్ళు ఊయలలూగుతున్నాయి, పిట్టలు ఊగుతున్నాయి. అదే గూగుల్ ఇప్పుడు విశాఖకు గిగావాటు డేటా సెంటర్ తెస్తోంది. డేటాకి ఏం చేస్తున్నారట? సముద్రం అడుగునుంచి కేబుళ్ళు లాక్కొస్తున్నారు. ప్రపంచాన్నంతా క్లౌడులో పెట్టామని చెప్పేవాళ్ళకే మబ్బు మీద నమ్మకం లేదు. కరెంటు? ఒక గిగావాటంటే పరవాడ సింహాద్రి ఎన్టీపీసీ మొత్తం సామర్థ్యంలో సగం. డార్పా రికార్డుకు పన్నెండున్నర లక్షల రెట్లు. కిరణం మీద పంపండి చూద్దాం.

గాజువాకలో పవర్‌గ్రిడ్ వాళ్ళ హెచ్‌వీడీసీ స్టేషనుంది. ఒకప్పుడు తూర్పు గ్రిడ్‌కీ దక్షిణ గ్రిడ్‌కీ తాళం కలిసేది కాదు. నేరుగా కలిపితే రెండూ కూలతాయి. అందుకని జైపూర్ వైపునుంచి ఘాట్ల మీదుగా వచ్చే ఏసీ కరెంటును ఇక్కడ డీసీగా మార్చి, ఆ చోటే మళ్ళీ ఏసీ చేసి, దక్షిణాదికి తగ్గ తాళంలో పంపడం. 1999లో 500 మెగావాట్లు, 2005లో ఇంకో 500. ఒడిశా అవతల మండిన బొగ్గు చిత్తూరు జిల్లాలో మోటారు తిప్పింది ఇలాగే. తీగ కూడా తక్కువదేం కాదు. వెయ్యి కిలోమీటర్లు హెచ్‌వీడీసీ లైను మీద పోయినా దారిలో పోయేది నూటికి మూడు పాళ్ళ దగ్గర. ఇది అద్భుతం కాకపోతే మరేది? మన ఊళ్ళోనే ఉంది. దీన్ని ఎవరైనా సంగీతం పెట్టి ఫార్వర్డ్ చేశారా?

నిజంగా తీగ లేకుండా కరెంటు పంపేవాడు ఒకడున్నాడు. అరసవిల్లిలో గుడి ఉంది. పదిహేను కోట్ల కిలోమీటర్ల నుంచి, స్తంభం లేదు, లైన్‌మన్ లేడు, సర్దుబాటు ఛార్జీ లేదు. అందుకునే పలకలు మేడ మీద పెట్టుకోండి, మూడు కిలోవాట్లకు కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇస్తుంది అని నేను మూడు మీటింగుల్లో మొత్తుకున్నాను. ముడసర్లోవ చెరువు మీద జీవీఎంసీ పలకలు తేలేసింది, సింహాద్రి రిజర్వాయరు మీద ఎన్టీపీసీ 25 మెగావాట్లు తేలేసింది, మనం మేడ మీద నాలుగు పెట్టలేమా అన్నాను. "మేడ మీద అప్పడాలు ఎక్కడ పెట్టుకుంటామండీ" అన్నారు. తీర్మానం వీగిపోయింది.

రాత్రి ఎనిమిదిన్నరకు తలుపు చప్పుడైంది. ప్రెసిడెంటు గారు. నాలుగంతస్తులు ఎక్కివచ్చారేమో, గడప పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ ఫేజు కూడా సాయంత్రం పోయిందట. ఎదురు ఫ్లాటు వాళ్ళది ఇంకా వస్తోందట, అక్కణ్ణుంచి ఫ్రిజ్జుకీ ఒక ఫ్యానుకీ లాక్కుంటారట.

"మాస్టారూ, మీ దగ్గర ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉందా? వైరు కాస్త పొడుగ్గా ఉన్నదైతే మేలు."

ఉంది. పదిహేను మీటర్లది. లేదన్నాను.